కొట్టం కట్టే ముందు: నాలుగు ఆవుల ఇంటికి ప్లాను ఎట్లా గీసుకోవాలి

(తెలుసుకుందాం శీర్షిక. పిల్లలూ, ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి.)

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లల్లో పొద్దున్నే, మళ్లీ సాయంత్రం, క్యాను పట్టుకుని డైరీకి పోయేవాళ్లు కనబడతారు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు లోతుకు పోయేకొద్దీ పైరు మీద నమ్మకం తగ్గింది. అట్లాంటి కాలంలో చాలా ఇళ్లను నిలబెట్టింది పాడే. ఈ జిల్లాకు పాడిని తెచ్చిన నాయకుడిగా ఎం.వి. కృష్ణప్పగారి పేరును ఇప్పటికీ చెప్పుకుంటారు. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం నీళ్లు లక్ష్మీసాగరం, నరసాపురం చెరువులకు వస్తున్నాయి. ఇటుపక్క హైవే, పారిశ్రామికవాడ రావడంతో స్థలం ఖరీదు పెరిగింది. అందుకే ఉన్న కొద్ది జాగాలో కొట్టం కట్టేవాళ్లు ముందే లెక్క చూసుకోవాలి.

మామూలుగా ఏం జరుగుతుంది? అప్పు తెచ్చి సీమావును కొంటాం. ఇంటి గోడకు ఆనించి నాలుగు రేకులు వేస్తాం. కింద సిమెంటు పోస్తాం. "రేకులేస్తే సాలు, కొట్టం అయిపాయ" అనుకుంటాం. ఆరు నెలలు పోయాక పొదుగువాపు వస్తుంది, గిట్టలు మెత్తబడతాయి, ఆవు పండుకోవడానికి ఇష్టపడదు. అప్పుడు మందులు వాడతాం గానీ నేలను ఎవరూ చూడరు. పైన వేసిన రేకును ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వాలు తప్పి పోసిన నేల మాత్రం ఇరవై ఏళ్లు అట్లాగే ఉంటుంది. అందువల్ల కొట్టం ప్లాను పైకప్పుతో మొదలు పెట్టకూడదు. "ఆవు పోసిన ఉచ్చ, మనం కడిగిన నీళ్లు ఎటు పోతాయి?" అన్న ప్రశ్నతో మొదలు పెట్టాలి.

లాయం వేరు, కొట్టం వేరు

ఫోనులో కొట్టం ప్లానుల కోసం వెతికితే గుర్రపు లాయాల బొమ్మలు కూడా వస్తాయి. గుర్రాలు మన ప్రాంతానికి కొత్త కాదు. హోసూరు పక్కన మత్తిగిరిలో ఇప్పుడున్న పశువుల ఫారం 1824లో సైన్యానికి గుర్రాలను పెంచడానికి మొదలైంది. తుమకూరు జిల్లా కుణిగల్‌లో గుర్రాల ఫారం టిప్పు కాలం నుంచి పేరున్నది. అయితే లాయం లెక్క ఆవుకు పనికిరాదు.

గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. రోజులో కొద్దిసేపే పండుకుంటుంది. పక్క గుర్రాన్ని తన్నే గుణం ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న గది, మధ్యలో గట్టి గోడ, తలుపు కావాలి. ఆవు అట్లా కాదు. మేసిందాన్ని నెమరు వేయడానికి రోజులో 12 గంటల దాకా పండుకోవాలి. పండుకున్న ఆవు పొదుగుకు రక్తం బాగా అందుతుంది. నిలబడే ఉండిపోయిన ఆవు పాలు తగ్గిస్తుంది, కుంటుతుంది. కాబట్టి లాయంలో గోడలు ముఖ్యమైతే, కొట్టంలో ఆవు పండుకునే చోటు ముఖ్యం. అది పొడిగా, మెత్తగా, జారకుండా ఉండాలి.

స్థలం చూసుకోవడం

చుట్టుపక్కల నేల కంటే కొట్టం నేల అడుగు ఎత్తులో ఉండాలి. వాన నీళ్లు లోపలికి రాకూడదు, లోపలి నీళ్లు బయట నిలవకూడదు. మన కాడ వాన ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. ఆ రెండు నెలల్లో ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఒక ఏడాది చూసి గుర్తు పెట్టుకుంటే సగం ప్లాను అయినట్టే.

పేడగుంత తాగే నీళ్ల బావికి, బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో, దిగువన ఉండాలి. ఇంటి గోడకు ఆనించి కొట్టం కడితే ఈగలూ దోమలూ వంటింట్లోకి వస్తాయి. ఒక పక్క గాలి కూడా మూసుకుపోతుంది. జాగా లేక ఆనించే కట్టవలసి వస్తే ఆ గోడవైపు గాడి పెట్టండి, కాలువ పెట్టకండి. గోడకు చెమ్మ ఎక్కదు.

నేల, వాలు, కాలువ

ముందు మెత్తటి మట్టి తీసేసి, రాళ్లు పరిచి, దిమ్మిసతో బాగా కొట్టాలి. దానిమీద నాలుగు అంగుళాల కాంక్రీటు. మన జిల్లాలో బండలు దొరుకుతాయి కాబట్టి కొందరు బండలే పరుస్తారు. బండల సందులను సిమెంటుతో పూడ్చకపోతే ఉచ్చ సందుల్లోకి దిగి వాసన, పురుగు రెండూ వస్తాయి. నున్నటి బండ మీద ఆవు జారి పడుతుంది కాబట్టి ఉలితో గాట్లు కొట్టించాలి. కాంక్రీటు అయితే తడిగా ఉన్నప్పుడే నాలుగైదు అంగుళాలకు ఒక గీత గీయాలి. మేస్త్రీ నున్నగా చేస్తే చూడ్డానికి బాగుంటుంది, ఆవుకు మాత్రం అది ప్రమాదం.

వాలు ఎంత ఉండాలి? గాడి నుంచి కాలువ దాకా ఆవు నిలబడే చోటు ఐదున్నర అడుగులు అనుకుంటే, ఆ పొడవుకు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం వాలు చాలు. ఇంతకంటే తక్కువైతే ఉచ్చ నిలుస్తుంది. ఎక్కువైతే ఆవు బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది, చూడి ఆవుకు మరీ కష్టం.

కాలువ ఒక అడుగు వెడల్పు, రెండు మూడు అంగుళాల లోతు ఉండాలి. అడుగు భాగం మూలలు లేకుండా గుండ్రంగా ఉంటే పార, చీపురు సాఫీగా పోతాయి. కాలువ పొడవునా పది అడుగులకు రెండు అంగుళాల వాలు పెట్టండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేలను మట్టంగా పోసి కాలువ ఒక్కదాన్నే వాలుగా తవ్వితే చివరి ఆవు దగ్గర అది బాగా లోతైపోతుంది. ఆ ఆవు కాలు అందులో పడి మడమ బెణుకుతుంది. కొట్టం నేల కూడా అటువైపే కాలువతో పాటు దిగాలి.

దారం కట్టి, లెవెల్ పైపుతో చూసి, మేస్త్రీ ఎదురుగానే గుర్తులు పెట్టించండి. పని అయిన రోజు ఒక బిందె నీళ్లు గాడి పక్కన పోయండి. నీళ్లు ఎక్కడా ఆగకుండా కాలువలోకి, కాలువ నుంచి బయటికి పోతేనే పని అయినట్టు. మేస్త్రీకి కూలి లెక్క చూడడానికి ముందే ఈ బిందె పరీక్ష చేయాలి.

నేలకూ పొదుగువాపుకూ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. పాలు పిండిన తర్వాత చనుమొన రంధ్రం వెంటనే మూసుకోదు. కనీసం అరగంట తెరిచే ఉంటుంది. ఆ సమయంలో ఆవు తడినేల మీద పండుకుంటే పేడలోని క్రిములు నేరుగా పొదుగులోకి పోతాయి. ఒకసారి గట్టిగా వస్తే ఆ చన్ను శాశ్వతంగా పోవచ్చు. నాలుగు చన్నుల ఆవు మూడు చన్నుల ఆవు అవుతుంది, అప్పు కంతు మాత్రం తగ్గదు. అందుకే పాలు పిండగానే గాడిలో మేత వేయాలి. మేస్తూ ఉన్నంతసేపు ఆవు పండుకోదు. పాలు పిండే చోటు, మేసే చోటు ఒకటే అయితే ఇది దానంతటదే జరుగుతుంది.

కొలతలు ఒకచోట

మేస్త్రీలు అడుగుల్లోనే కొలుస్తారు కాబట్టి అడుగుల్లోనే ఇస్తున్నాం.

• ఒక ఆవు నిలబడే చోటు: పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు 4 అడుగులు. పెద్ద హెచ్చెఫ్ ఆవుకు పొడవు 6 అడుగులు.
• గాడి వెడల్పు: రెండున్నర అడుగులు. ఆవు వైపు గోడ ఎత్తు ఒకటిన్నర అడుగు.
• గాడి అడుగు భాగం: ఆవు నిలబడే నేల కంటే నాలుగైదు అంగుళాల ఎత్తు. ఆవు తల వంచి, బయట మేసినట్టే మేయాలి.
• మేత వేయడానికి ముందు దారి: 3 అడుగులు.
• కడగడానికి, పాలు పిండడానికి వెనక దారి: 4 నుంచి 5 అడుగులు.
• కప్పు కింద ఒక ఆవుకు మొత్తం జాగా: సుమారు 40 చదరపు అడుగులు. బయట ఎండదొడ్డి దానికి రెండింతలు, అంటే సుమారు 75 చదరపు అడుగులు.
• దూడకు: కప్పు కింద కనీసం 10, బయట 20 చదరపు అడుగులు.
• ఎనుము ఉంటే ఆవు లెక్క కంటే కొంచెం ఎక్కువ.

నాలుగు ఆవులు, రెండు దూడలకు ప్లాను

ఒకే వరసలో కట్టుకోండి. పది ఆవుల దాకా ఒక వరసే మేలు. అంతకు మించితే రెండు వరసలు పెట్టి, తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేట్టు కడతారు. మధ్య దారి ఒకటే కాబట్టి కడగడం, పిండడం సులువు. ఒక ఆవు ఊపిరి ఇంకో ఆవు ముఖానికి తగలదు.

వెడల్పు లెక్క: ముందు దారి 3, గాడి రెండున్నర, నిలబడే చోటు ఐదున్నర, కాలువ 1, వెనక దారి 4. మొత్తం 16 అడుగులు.

పొడవు లెక్క: నాలుగు ఆవులకు 16, దూడల గదికి 6. మొత్తం 22 అడుగులు.

అంటే 16 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు, 352 చదరపు అడుగులు. దీనికి ఆనుకుని 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న ఎండదొడ్డి ఉంటే ఆవులను పగలంతా కట్టేయకుండా వదలొచ్చు. తిరిగే ఆవుకు గిట్టలు సరిగ్గా అరుగుతాయి. ఎదకు వచ్చింది కూడా మనకు తొందరగా తెలుస్తుంది. కట్టేసిన ఆవు ఎదను చూసుకోకపోతే 21 రోజులు వెనక్కి పోయినట్టే.

దూడల గది ఎప్పుడూ కాలువ ఎగువ కొనలో ఉండాలి. పెద్ద ఆవుల మురికి దూడల కిందికి రాకూడదు. దూడలకు పారుడు వచ్చే ఇళ్లల్లో ముందు చూడవలసింది ఇదే.

కప్పు, గాలి, ఎండ

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మన ఎండకు మంచిది. సూర్యుడు పొడవు పక్కల నుంచి లోపలికి ఎక్కువగా రాడు. పడమటి వైపు చిన్న పక్క మాత్రమే సాయంత్రం ఎండకు చిక్కుతుంది. అక్కడ ఒక కానుగ చెట్టో వేప చెట్టో ఉంటే ఆ బాధ కూడా ఉండదు. చెమ్మ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఉత్తర దక్షిణాలుగా కడతారు. అక్కడ నేల ఆరడానికి ఎండ లోపలికి రావాలి. జాగా ఎట్లా ఉంటే అట్లా కట్టుకోవలసిన ఇళ్లల్లో దిక్కు గురించి దిగులు పడకండి, చూరు పెంచుకోండి. చూరు రెండున్నర, మూడు అడుగులు బయటికి ఉంటే ఎండా, ఏటవాలు వానా రెండూ ఆగుతాయి.

ఎత్తు విషయంలో పిసినారితనం పనికిరాదు. చూరు దగ్గర 8 అడుగులు, ఎత్తైన వైపు 12 అడుగులు ఉండాలి. ఇది ఒకే వాలు రేకుల కొట్టానికి లెక్క. రెండు వాలుల కప్పు అయితే మధ్య ఎత్తు ఇంకా పెంచి, కొప్పు దగ్గర వేడిగాలి పోవడానికి సందు వదలండి. బయట 25 డిగ్రీలు దాటితే హెచ్చెఫ్ ఆవుకు ఒళ్లు వేడెక్కడం మొదలవుతుంది. మనకు చల్లగా అనిపించే రోజు కూడా దానికి ఉడుకే. తక్కువ ఎత్తులో రేకు వేస్తే ఏప్రిల్‌లో ఆవు నోరు తెరిచి రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, పాలు పడిపోతాయి. రేకుల పైన తెల్ల సున్నం పూయడం, వేసవిలో కొబ్బరి మట్టలు పరచడం ఖర్చు లేని పనులు.

గోడలు నాలుగు వైపులా కట్టకండి. రాతి కూసాలు లేదా ఇనుప కంబాలు, గాడి వైపు మూడడుగుల గోడ, అంతే. చలికాలం రాత్రుల్లో గోనెపట్టాలు కట్టి మళ్లీ పొద్దున తీసేయొచ్చు. అన్ని వైపులా మూసిన కొట్టంలో పొద్దున తలుపు తీయగానే కళ్లు మండితే, రాత్రంతా ఆవు పీల్చింది ఆ ఘాటు గాలినే.

ఈనే ఆవు, కొత్త ఆవు

ఈనే ముందు పది పదిహేను రోజులు ఆవును వరసలో కట్టకండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న చోటు, కింద ఎండుగడ్డి పరిచి వదిలేయాలి. విడిగా గది కట్టలేకపోతే ఎండదొడ్డిలో ఒక మూల చప్పరం వేస్తే చాలు.

సంతలో కొన్న ఆవును ఆ రోజే వరసలో కట్టడం మన ఊళ్లల్లో అలవాటు. మూడు వారాలు దూరంగా, వేరే తొట్టి, వేరే పలుపుతో కట్టి చూడాలి. 2022లో చర్మగడ్డల జబ్బు మన రాష్ట్రంలో వ్యాపించినప్పుడు ఈగలు, దోమలు, పిడుదులే దాన్ని మోశాయి. ప్లానులో కొట్టానికి దూరంగా ఒక గుంజ చోటు గుర్తు పెట్టుకుంటే ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.

నీళ్లు, మేత, పేడ

పాలలో సుమారు 87 శాతం నీళ్లే. పాలిచ్చే సీమావు రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. నాలుగు ఆవులకు తాగడానికే 300 లీటర్లు. రెండు పూటలా కుడితి పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఎండదొడ్డిలో నీడన ఒక తొట్టి ఎప్పుడూ నిండి ఉండాలి. ట్యాంకరు నీళ్లు కొనే ఇళ్లల్లో తాగే నీళ్లు తగ్గించకండి, కడిగే నీళ్లు తగ్గించండి. ముందు పారతో పేడ ఎత్తి, చీపురుతో ఊడ్చి, ఆ తర్వాత కడిగితే సగం నీళ్లు మిగులుతాయి. వాలు సరిగ్గా ఉన్న కొట్టానికే ఇది సాధ్యం.

రాగి గడ్డి వామి కొట్టానికి దూరంగా ఉండాలి. నిప్పు పడితే రెండూ పోకూడదు. కరెంటు తీగలు గడ్డి మీదుగా, ఆవు నోటికి అందేట్టు ఉండకూడదు.

ఒక పెద్ద ఆవు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. నాలుగు ఆవులంటే కనీసం 60 కిలోలు. రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాసు తొట్టికి రోజుకు 50 కిలోలు చాలు, నలుగురైదుగురు ఉన్న ఇంటికి వంట జరుగుతుంది. ఇప్పుడే గ్యాసు పెట్టకపోయినా కాలువ చివర దానికి జాగా వదలండి. తర్వాత కొట్టం పగలగొట్టే పని ఉండదు.

పాత కొట్టం ఉన్నవాళ్లకు

అంతా పడగొట్టి కట్టే శక్తి అందరికీ ఉండదు. ఈ వరసలో ఒక్కొక్కటీ చేసుకోవచ్చు.

1. ఆవు వెనక ఒక అడుగు నేల పగలగొట్టి కాలువ చేయండి, దాన్ని బయటి గుంత దాకా తీయండి.
2. నీళ్లు నిలిచే గుంటలను పూడ్చి, వాలు సరిచేయండి.
3. మూసిన గోడలో పైభాగం మూడడుగులు తీసేయండి.
4. నున్నటి నేల మీద గాట్లు కొట్టించండి.
5. డబ్బు మిగిలితే అప్పుడు రబ్బరు మ్యాటు. వాలు లేని నేల మీద మ్యాటు వేస్తే దాని కింద ఉచ్చ నిలిచి ఇంకా చెడుతుంది.

పంచాయతీలో అడిగేటప్పుడు

కొట్టం పనికి ఉపాధి హామీ పథకంలో గ్రామ పంచాయతీ ద్వారా సాయం తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పథకాల నిబంధనలు, మొత్తాలు మారుతుంటాయి. కాబట్టి పని మొదలు పెట్టక ముందే పంచాయతీలో, పశువుల ఆసుపత్రిలో అడగండి. పని ముందు, మధ్యలో, చివర ఫోటోలు తీసే పద్ధతి ఉంటుంది కాబట్టి పునాది తీసేసి తర్వాత అర్జీ పెడితే కష్టం.

అర్జీలు కన్నడలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దలకు పిల్లలు ఈ మాటలు చెప్పి సాయం చేయవచ్చు:

• కొట్టం: కొట్టిగె
• గాడి: గోదలి
• కాలువ: చరండి
• పేడ: సగణి
• మేత: మేవు
• దూడ: కరు
• పొదుగు: కెచ్చలు
• పొదుగువాపు: కెచ్చలు బావు

పిల్లలకు పని

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇంటికాడ కొట్టాన్ని టేపుతో కొలిచి, ఒక సెంటీమీటరుకు రెండడుగుల లెక్కన గళ్ల కాగితం మీద ప్లాను గీయండి. గాడి, కాలువ, పేడగుంత, బోరు, వామి ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. నీళ్లు పారే దిక్కుకు బాణం గుర్తు వేయండి. కొట్టం లేని పిల్లలు పక్కింటివాళ్లను అడిగి కొలవండి. కొలిచేటప్పుడు ఆవు వెనక నిలబడకండి, పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. గీసిన కాగితం మీద కింది నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి లెక్కల టీచరుకు ఇవ్వండి.

1. మీ కొట్టంలో ఒక్కో ఆవుకు ఎన్ని చదరపు అడుగులు వచ్చింది?
2. ఒక బిందె నీళ్లు పోస్తే ఎక్కడ ఆగాయి?
3. పేడగుంతకూ బోరుకూ మధ్య ఎన్ని అడుగులు?
4. ఖర్చు ఎక్కువ లేకుండా ఈ నెలలోనే మార్చగలిగింది ఏమిటి?